పాషన్ ఫ్రూట్ ఎకరం వేసేముందు, పొలంలో తుమ్మెద ఉందేమో చూడండి



ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఒకటే రీల్. పచ్చటి పందిరి, కింద వరసగా వేలాడే గుండ్రటి కాయలు. ఒకాయన కాయ కోసి, చెంచాతో పసుపు గుజ్జు తీసి తింటూ "ఎకరాకి ఇన్ని లక్షలు, నీళ్ళు తక్కువ, మందులు అక్కర్లేదు" అంటాడు. చివర్లో మొక్కల కోసం ఫోన్ నంబరు. అది చూసి నాకు వరసగా మెసేజ్‌లు వస్తున్నాయి. "అన్నా, పాషన్ ఫ్రూట్ వేద్దామనుకుంటున్నాం, మీరేమంటారు?" అని. అడిగినవాళ్ళలో కౌలు రైతులు కూడా ఉన్నారు. ఒక తమ్ముడైతే ఇంట్లో బంగారం పెట్టి పందిరి వేస్తానన్నాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఇక్కడే రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నా. పోస్టు పెద్దది, ఓపిగ్గా చదవండి.

నా మాట ముందే చెప్పేస్తా. పంట చెడ్డది కాదు. మా బోరు షెడ్డు పక్కన కంచె మీద పసుపు రకం తీగలు నాలుగున్నాయి. ఇంట్లో షర్బత్‌కి నిమ్మకాయలు కొనే పని తగ్గింది. నేను వద్దంటున్నది తీగని కాదు, ఎకరాన్ని. మన మెట్టలో, ఇప్పుడున్న పరిస్థితుల్లో, అప్పు తెచ్చి ఎకరం పందిరి కట్టొద్దు అంటున్నాను. ఎందుకంటే మొక్కలు అమ్మేవాడి లెక్కలో రెండు అంకెలు లేవు. ఒకటి, ఆ పువ్వుని కాయ చేసేది ఎవరు? రెండు, ఆ కాయ కొనేది ఎవరు? మిగతావన్నీ ఎలాగోలా సర్దుకోవచ్చు.

అసలు ఈ తీగ మనకి పూర్తిగా కొత్తదేం కాదు. కంచెల మీద, కాలవ గట్ల మీద తనంతట తానే అల్లుకునే తెల్లజుమికి తీగ మీరు చూసే ఉంటారు. ఆకు నలిపితే ఒకరకం వాసన, కాయ చుట్టూ నాచులాంటి జిగురు జాలీ, పండితే నారింజ రంగు, లోపల తియ్యటి గింజలు. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ తినని పిల్లాడు ఉండడు. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు, మీ వైపు ఏమంటారో కింద రాయండి. ఆ జాలీ మీద చిన్న చిన్న పురుగులు అంటుకుని చచ్చి ఉంటాయి, ఎప్పుడైనా గమనించారా? కాయ దగ్గరికి పురుగు రాకుండా తీగ పెట్టుకున్న కాపలా అది. పట్నంలో ప్రహరీ గోడల మీద పాకే కృష్ణకమలం తీగ కూడా ఈ కుటుంబమే. రీల్‌లో చూపించే పాషన్ ఫ్రూట్ వీటికి వరసకి అన్నదమ్ముల బిడ్డ. ముగ్గురి సొంతూరూ అమెరికా ఖండాల వైపే. పాషన్ ఫ్రూట్ పుట్టిల్లు బ్రెజిల్, పరాగ్వే, అర్జెంటీనా ఉత్తర భాగం.

పేరు గురించి ఒక్క ముక్క చెప్పి అసలు సంగతిలోకి వస్తా. పాషన్ అంటే ఇక్కడ ఇష్టం, మోజు అని కాదు. మన ఊరి చర్చిలో "శ్రమల కాలం" అంటారు చూడండి, ఆ క్రీస్తు శ్రమలు అని అర్థం. దక్షిణ అమెరికా వెళ్ళిన స్పెయిన్ ఫాదరీలు ఆ పువ్వు చూసి, చుట్టూ ఉన్న పోగుల్ని ముళ్ళ కిరీటమన్నారు, ఐదు కేసరాల్ని ఐదు గాయాలన్నారు, పైన మూడు కొమ్ముల్ని మూడు మేకులన్నారు. అదే పువ్వుని మనవాళ్ళు చూసి చుట్టూ ఉన్నవి నూరుగురు కౌరవులు, ఐదు పాండవులు, మూడు త్రిమూర్తులు అన్నారు. కౌరవపాండవ పువ్వు అని పేరు పెట్టేశారు. పువ్వు ఒకటే, ఎవరి కథ వాళ్ళది. అయితే ఆ ఐదు కేసరాలు, ఆ మూడు కొమ్ములు ఎక్కడ ఉన్నాయన్నదే మన జేబుకి సంబంధించిన సంగతి. కాస్త జాగ్రత్తగా వినండి.

పాషన్ ఫ్రూట్‌లో ప్రధానంగా రెండు రకాలు. ఊదా కాయ రకం, పసుపు కాయ రకం. ఊదాది చల్లటి ఎత్తు ప్రాంతాల మొక్క. మన దేశంలో నీలగిరి, కొడగు, వయనాడ్ కొండల్లో ఎప్పటినుంచో ఉంది, మణిపూర్, నాగాలాండ్, మిజోరం కొండవాలుల్లోనూ వేస్తారు. మన రాష్ట్రంలో ఆ చల్లదనం కావాలంటే అరకు, చింతపల్లి, లంబసింగి వైపు కొండలెక్కాలి. మైదానంలో ఊదా రకం నాటితే తీగ బ్రహ్మాండంగా పాకుతుంది, పందిరి నిండుతుంది, ఫోటోలకి బాగుంటుంది, కాయ మాత్రం పెద్దగా రాదు. పసుపు రకం వేడికి తట్టుకుంటుంది, పల్లపు ప్రాంతాల మొక్క. మనకి పనికొచ్చేది అదే. ఇవి రెండూ కలిపి కొడగులోని చెట్టళ్ళి ఉద్యాన పరిశోధన కేంద్రం కావేరి అనే సంకర రకం తీసింది. మంచి రకమే, కానీ అది పుట్టింది కొడగు కొండల్లో. మన మే నెలలో 43, 44 డిగ్రీల దగ్గర అదెలా కాస్తుందో అమ్మేవాణ్ణి అడగండి. మాటలొద్దు, మైదానంలో మూడేళ్ళుగా కాస్తున్న తోట చూపించమనండి. చూపిస్తే మంచిదే.

పసుపు రకం కూడా ఎండలు బాగా ముదిరితే పూత ఆపేస్తుంది. తీగ చావదు, నీళ్ళుంటే బతికే ఉంటుంది, కానీ 35 డిగ్రీలు దాటే కొద్దీ పూత పలచబడుతుంది. అంటే వేసవిలో జ్యూస్ గిరాకీ ఉన్న రోజుల్లో కాయ మీ చేతికి బాగా వస్తుందన్న లెక్క మనకి నప్పదు.

ఇప్పుడు పువ్వు దగ్గరికి వద్దాం.

పసుపు రకం పువ్వు మిట్టమధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట ప్రాంతంలో విచ్చుకుంటుంది. రాత్రికి ముడుచుకుపోతుంది. అంతే, మళ్ళీ తెరుచుకోదు. ఆ నాలుగైదు గంటల్లో పుప్పొడి పడితే కాయ, పడకపోతే తెల్లారేసరికి పువ్వు పసుపెక్కి రాలిపోతుంది. పైగా ఈ రకానికి ఒక పట్టుదల ఉంది. తన పుప్పొడి తనకి పనికిరాదు. అదే తీగ మీద ఇంకో పువ్వు పుప్పొడి కూడా పనికిరాదు. వేరే తీగది కావాలి. మళ్ళీ ఆ వేరే తీగ కూడా నిజంగా వేరేది అయి ఉండాలి. ఒకే తల్లి తీగ నుంచి కొమ్మలు కోసి వేర్లు తెప్పించి నాటితే, పొలంలో ఆరు వందల తీగలున్నా అవన్నీ లెక్కకి ఒక్క తీగే. ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పట్టదు. పూత విరగబూస్తుంది, కాయ ఉండదు. ఊదా రకానికి ఈ బాధ లేదు, తన పుప్పొడితో తాను కాస్తుంది.

ఇది ఎంత ముఖ్యమో చూడండి. నర్సరీవాడు "అన్నీ ఒకే మంచి తల్లి మొక్క నుంచి తీసినవి సార్, అన్నీ ఒకేలా కాస్తాయి" అని గొప్పగా చెప్తాడు. మామిడికో, జామకో అది గొప్పే. పసుపు పాషన్ ఫ్రూట్‌కి అదే కొంప ముంచే మాట. ఇది గింజ మొక్క అయితే సమస్య తక్కువ, ఏ గింజకి ఆ గింజ వేరే. కొమ్మ మొక్క అయితే కనీసం మూడు నాలుగు వేర్వేరు తల్లుల నుంచి తీసి, వరసల్లో కలిపి నాటాలి. ఈ ప్రశ్న మీరు అడిగినప్పుడు నర్సరీవాడు తడబడితే, అక్కణ్ణుంచి బండి స్టార్ట్ చేసి వచ్చేయండి.

సరే, వేర్వేరు తీగలే నాటారు. పుప్పొడి మోసేదెవరు? గాలి మోయదు, ఈ పుప్పొడి బరువు, జిగురు. తేనెటీగలు మోస్తాయనుకుంటారు. పెట్టెలు తెచ్చి పెడదామంటారు. ఇక్కడే ఆ ఐదుగురు పాండవుల సంగతి పనికొస్తుంది. కేసరాలు పువ్వులో పైన గొడుగులా ఉండి, పుప్పొడి ఉన్న ముఖం కిందకి తిప్పుకుని ఉంటాయి. తేనె ఏమో అడుగున, పోగుల మధ్య గిన్నెలో. తేనెటీగ చిన్నది, కింద నుంచి పాకుతూ వెళ్ళి తేనె తాగేసి వచ్చేస్తుంది. దాని వీపు పైనున్న కేసరాలకి అందదు. అంతటితో ఆగదు, కేసరాలెక్కి పుప్పొడి మొత్తం మూట కట్టుకుని గూటికి పట్టుకుపోతుంది. అసలు పనివాడు వచ్చేసరికి పుప్పొడే ఉండదు. మిగతా పంటలకి తేనెటీగ దేవత. ఈ ఒక్క పువ్వు దగ్గర మాత్రం ఎక్కువసార్లు దొంగ.

అసలు పనివాడు తుమ్మెద. నల్లగా, బొటనవేలు పైకణుపంత ఉండి, రెక్కలు నీలంగా మెరుస్తూ, ఝుమ్మని శబ్దం చేస్తూ వచ్చే గండుతుమ్మెద. ఇంటి వాసాలకి, పశువుల పాక వెదుర్లకి గుండ్రటి బొక్కలు పెట్టి కింద రంపపు పొట్టు రాలుస్తుందే, అదే. అది తేనె కోసం గిన్నె మీద వాలితే దాని వీపు సరిగ్గా కేసరాలకి రాసుకుంటుంది, పుప్పొడి వీపంతా అంటుతుంది. పువ్వు విచ్చుకున్న గంట, గంటన్నరకి ఆ మూడు కొమ్ములు మెల్లగా కిందకి వంగి కేసరాల ఎత్తుకి వస్తాయి. తుమ్మెద వేరే తీగ పువ్వు నుంచి వచ్చి ఇందులో దూరితే, వీపు మీద పుప్పొడి ఆ కొమ్ములకి పూసినట్టు అంటుకుంటుంది. తాళానికీ తాళంచెవికీ ఉన్న పొత్తు లాంటిది వీటిది. కొన్ని పువ్వుల్లో కొమ్ములు వంగకుండా నిటారుగానే ఉండిపోతాయి, అవి కాయవు. ఓపికుంటే ఒక మధ్యాహ్నం కూర్చుని చూడండి, ఇంత పద్ధతిగా జరిగే పని పొలంలో ఇంకోటి కనపడదు.

ఇంకో మాట. పుప్పొడి ఎంత పడితే లోపల అన్ని గింజలు. ఒక్కో గింజ చుట్టూ ఒక్కో రసం తిత్తి. గింజలు ఎక్కువుంటేనే రసం ఎక్కువ. తుమ్మెద సరిగా తిరగని చోట కాయ పైకి బానే కనిపించినా చిన్నది అవుతుంది, కోస్తే సగం గుల్ల. కాబట్టి "కాయ కాసింది కదా" అంటే సరిపోదు. రసంలో లెక్క తేలుతుంది.

మరి మన పొలాల్లో తుమ్మెదలు ఎన్ని ఉన్నాయి? నిజాయితీగా చెప్పండి. పెంకుటిళ్ళు పోయి స్లాబులొచ్చాయి, వాసాల్లేవు. పశువుల పాకలు రేకుల షెడ్లయ్యాయి. కంచెల్లో ఎండు మోడు కనపడితే పొయ్యిలోకి పోతుంది. వెదురు పొదలు కొట్టేశాం. మిర్చికి, పత్తికి వారానికో మందు. తుమ్మెద తేనెటీగలా వేలల్లో పిల్లల్ని పెట్టదు. ఒక్కో ఆడ తుమ్మెద ఒంటరిగా కర్ర తొలిచి, అందులో కొన్ని గదులు కట్టి, గదికో గుడ్డు పెడుతుంది. ఒకసారి పోతే మళ్ళీ పుంజుకోవడానికి ఏళ్ళు పడుతుంది. మునగ పూతకి కూడా ముఖ్యమైన పనిమంతురాలు ఇదే. కంది పూత మీదా, జనుము పూత మీదా తిరుగుతుంది. పాషన్ ఫ్రూట్ సంగతి ఎలా ఉన్నా, మందుకొట్టే టైము మార్చుకోవడానికి ఈ కారణం చాలు. పువ్వు విచ్చుకుని ఉన్న వేళ కొట్టకండి, పొద్దుగూకాక కొట్టండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఆకు నుంచి తేనెలోకి కూడా దిగుతాయి, పూత మీద ఉన్నప్పుడు వాటి జోలికి పోకండి.

తుమ్మెద లేకపోతే చేత్తో పూయొచ్చు కదా అంటారు. పూయొచ్చు. ప్రపంచంలో ఈ పంట అందరికంటే ఎక్కువ పండించే బ్రెజిల్‌లో చాలా చోట్ల అదే చేస్తున్నారు. మధ్యాహ్నం పూట కూలీలు వరసల వెంట నడుస్తూ, ఒక పువ్వు కేసరాల్ని వేళ్ళతో తాకి, ఆ పుప్పొడి తర్వాతి తీగ పువ్వు కొమ్ములకి రాసుకుంటూ పోతారు. మందులు కొట్టి తుమ్మెదల్ని పోగొట్టుకున్న దగ్గర ఆ పని మనుషుల మీద పడింది. కొందరు తెలివైనవాళ్ళు తోటలో ఎండు దుంగలు పడేసి తుమ్మెదలు గూళ్ళు పెట్టుకునేలా చేస్తున్నారు కూడా.

మన లెక్క వేద్దాం. మూడు మీటర్లకి రెండు మీటర్ల దూరంలో నాటితే ఎకరాకి సుమారు 670 తీగలు. మంచి పూత రోజుల్లో తీగకి రోజుకి పది పువ్వులు విచ్చుకున్నాయనుకోండి. 6,700 పువ్వులు. పువ్వుకి నాలుగు సెకన్లు వేసుకున్నా మనిషి గంటకి 900 పూస్తాడు, నాలుగు గంటల్లో 3,600. అంటే ఇద్దరు మనుషులు, ఒంటిగంట నుంచి ఐదు దాకా ఎండలో, పూత ఉన్నన్నాళ్ళూ రోజూ, ఆదివారం లేదు, పండగ లేదు. మీ ఊళ్ళో మధ్యాహ్నం ఒంటిగంటకి పొలంలోకి దిగే కూలీ దొరుకుతుందా? దొరికితే ఎంత అడుగుతుంది? ఆ అంకె రీల్‌లో చెప్పిన లాభంలోంచి తీసేసి చూడండి. ఇంటిల్లిపాదీ చేసుకుంటే రెండు మూడు సెంట్లు చక్కగా నడుస్తుంది. ఎకరం నడవదు. మధ్యలో వాన పడితే ఇంకో సంగతి, ఈ పుప్పొడి తడిస్తే పగిలి చచ్చిపోతుంది. ఆ రోజు పువ్వులన్నీ పోయినట్టే. పైనుంచి స్ప్రింక్లర్ పెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక రెండో అంకె. కొనేవాడు.

పాషన్ ఫ్రూట్ పండితే తనంతట తాను రాలుతుంది. రోజూ ఏరాలి. ఏరిన నాలుగైదు రోజులకి తొక్క ముడతలు పడుతుంది. తెలిసినవాడికి ముడత పడిన కాయే తియ్యగా ఉంటుందని తెలుసు. కానీ రైతుబజార్‌లో నిలబడ్డ అమ్మకి అది కుళ్ళిన కాయలా కనిపిస్తుంది. బరువులో దాదాపు సగం తొక్కే. రసం కాయ బరువులో మూడో వంతు వస్తే మంచిదే. పసుపు రకం పులుపు ఎక్కువ, పంచదార లేకుండా నోట్లో పెట్టుకోవడం కష్టం. అంటే ఇది ప్రధానంగా రసం పంట. అరటిలాగా, జామలాగా చేతిలోకి తీసుకుని తినే పంట కాదు. రసం పంటకి ఫ్యాక్టరీ కావాలి, లేదా రోజూ కొనే జ్యూస్ షాపులు, హోటళ్ళు దగ్గర్లో ఉండాలి. మన మెట్టలో ఆయిల్ పామ్ ఎందుకు నిలబడింది? ధర మీద ఎన్ని గొడవలున్నా, గెల కోస్తే తీసుకునే ఫ్యాక్టరీ ఫలానాదని జోన్ ఉంది. పాషన్ ఫ్రూట్‌కి మీ మండలంలో అలాంటిదేముంది? "మేమే బైబ్యాక్ చేస్తాం" అని మొక్కలు అమ్మేవాడు అంటాడు. కాగితం మీద కిలో ధర, ఎన్నేళ్ళు, కొనకపోతే పరిహారం ఎంత రాసివ్వమనండి. మొక్కల డబ్బులో సగం మొదటి కోత కొన్నాక ఇస్తాననండి. అప్పుడు ఆయన మొహం చూడండి.

హవాయి దీవుల కథ ఒకటి చెప్తా, ఇది నిజంగా జరిగింది. 1951లో అక్కడ పాషన్ ఫ్రూట్ మొత్తం కలిపి ఐదెకరాలు కూడా లేదు. అక్కడి యూనివర్సిటీ ఈ పంటని పైకి తేవాలని నిర్ణయించుకుని, పసుపు రకంలో మంచి తీగల్ని ఏరి, రసాన్ని చిక్కబరిచి గడ్డకట్టించి అమ్మే పరిశ్రమని పక్కనే నిలబెట్టింది. 1958 నాటికి 1,200 ఎకరాలైంది. గమనించారా, రసం కొనే దారిని తోటతో పాటే కట్టారు. మొక్కలమ్మి వెళ్ళిపోలేదు. అంత పద్ధతిగా చేసినా, తర్వాతి దశాబ్దాల్లో కూలి ఖర్చులు, భూమి ధరలు, తెగుళ్ళు కలిసి ఆ పరిశ్రమని దాదాపు కనుమరుగు చేశాయి. యూనివర్సిటీ, ఫ్యాక్టరీ రెండూ వెనకున్న రైతుకే అలా అయింది. మన వెనక ఉన్నది ఒక వాట్సాప్ నంబరు.

మనకి కొత్తేం కాదు ఇది. వెనిల్లా అన్నారు, జట్రోఫా అన్నారు, సఫేద్ ముస్లి అన్నారు, ఈము పక్షులన్నారు. ఆ రోజుల్లో గుడ్డు, పిల్ల అమ్మినవాడు బాగుపడ్డాడు. పక్షిని పెంచినవాడు దాణా పెట్టలేక వదిలేశాడు. అప్పుడూ లాభం వచ్చింది విత్తనం అమ్మకంలోనే, పంట అమ్మకంలో కాదు. ఇప్పుడు మీకు వచ్చే వీడియోలో చూడండి, అతను కాయలమ్మి బతుకుతున్నాడా, మొక్కలమ్మి బతుకుతున్నాడా? కాయలకి అంత గిరాకీ ఉంటే మొక్కలమ్మడానికి మన వెంట ఎందుకు పడతాడు?

"మందులు అక్కర్లేదు" అన్న మాటకి కూడా జవాబు చెప్పాలి. కొత్త పంటకి మొదటి రెండేళ్ళు తెగులు రాదు, ఎందుకంటే తెగులుకి ఆ ఊరి అడ్రసు ఇంకా తెలీదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వైపు పాత అరటి తోటల్లో ఊదా రకం తెగ వేశారు, దీనికి తెగుళ్ళు లేవనుకున్నారు. 1943లో ఫ్యుజేరియం ఎండు తెగులు వచ్చి తోటలకి తోటలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పుడుగానీ పసుపు రకం వేరు ఆ తెగులుకీ, నులిపురుగులకీ తట్టుకుంటుందని గమనించలేదు. అప్పట్నుంచి పసుపు వేరు మీద ఊదా అంటు కట్టడం మొదలైంది. మనకి నల్లరేగడిలో మొదలు కుళ్ళు పెద్ద భయం. నీళ్ళు నిలిస్తే వారంలో తీగ వాలిపోతుంది, ఎత్తు మట్టి కట్టల మీదే నాటాలి. ఇంకోటి, పేనుబంక మోసుకొచ్చే వైరస్. కాయ తొక్క కర్రలా గట్టిపడి, లోపల ఖాళీ అవుతుంది. మందు లేదు, తీగ పీకి తగలబెట్టడమే. బొబ్బర్లు, దోస జాతి పాదులు పక్కనే ఉంటే ఆ వైరస్‌లు అటూ ఇటూ తిరిగే వీలుంది, దూరంగా వేయండి. ఎర్రటి ముళ్ళ గొంగళిపురుగులు ఆకు తినడం చూస్తే కంగారు పడొద్దు, అవి తెల్లజుమికి మీద పెరిగేవే, నారింజ రంగు సీతాకోకచిలుకలవుతాయి. కొద్దిగా ఉంటే చేత్తో ఏరేస్తే చాలు. ఇవన్నీ తట్టుకున్నా ఈ తీగ బాగా కాసేది మూడు నుంచి ఐదేళ్ళే. ఆ తర్వాత మళ్ళీ నాటాలి. రాతి స్తంభాలకి, జీఐ వైరుకి, డ్రిప్‌కి పెట్టిన డబ్బు ఆ లోపల తిరిగి రావాలి. బ్యాంకు వడ్డీ వేసి చూసుకోండి, ప్రైవేటు వడ్డీ అయితే ఇంకా జాగ్రత్తగా చూసుకోండి.

ఒక చిన్న హెచ్చరిక, మేకలున్న ఇళ్ళకి. ఈ తీగ ఆకులోనూ పచ్చికాయలోనూ సైనైడ్ తెచ్చే పదార్థం ఉంటుంది. లేత జొన్న మేసి పశువులు పడిపోతాయి చూడండి, అదే రకం విషం. పండిన కాయతో భయం లేదు. కత్తిరించిన తీగ మేకల ముందు పడేయకండి, పిల్లల్ని పచ్చికాయలు కొరకనివ్వకండి. ఆకు కషాయం నిద్రకి మంచిదని ఎవరో ఫార్వర్డ్ చేస్తున్నారు. అలా మందుకి వాడేది ఇన్‌కార్నాటా అనే వేరే జాతి. ఈ ఆకు కాచుకుని తాగకండి.

మరి ఏం చేయమంటావు అని అడుగుతారు. ఒక ఏడాది కంచె మీద చూడండి. పసుపు రకం గింజ మొక్కలు నాలుగో ఆరో, వేర్వేరు కాయల నుంచి తీసినవి. బోరు షెడ్డుకో, పశువుల కంచెకో పాకించండి, పందిరి ఖర్చు ఉండదు. పది నెలల నుంచి ఏడాది లోపు పూత వస్తుంది. పూత మొదలయ్యాక ఒంటిగంట నుంచి మూడు దాకా ఒక నాలుగు రోజులు అక్కడ కూర్చుని పువ్వుల మీద ఏమేం వాలుతున్నాయో లెక్కపెట్టండి. పువ్వులకి దారం కట్టి, అందులో ఎన్ని కాయలయ్యాయో చూడండి. తుమ్మెదలు తక్కువుంటే షెడ్డు పక్కన నీడలో ఎండిన మెత్తటి కర్ర దుంగలు, బొటనవేలు దూరేంత బోలు ఉన్న వెదురు ముక్కలు ఒకవైపు కణుపు మూసి ఉండేలా కట్టి వేలాడదీయండి. ఇంట్లో వాసానికి బొక్క పెడుతోందని మందు పోసి చంపకండి. మగ తుమ్మెదకి ముల్లే లేదు, ఆడది చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. కోత అయ్యాక తీగ కత్తిరించండి, కాయ వచ్చేది కొత్త చిగురు మీదే.

ఆ కాయలు ఒక పది కిలోలు పోగుచేసి మీ దగ్గర టౌన్‌లో నాలుగు జ్యూస్ షాపులకి, రెండు హోటళ్ళకి మీరే పట్టుకెళ్ళండి. మొదటివారం ఊరికే ఇవ్వండి. రెండోవారం ఎంతిస్తారో అడగండి. మూడోవారం వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేస్తారో లేదో చూడండి. చేస్తే పది సెంట్లు వేయండి. అరకు, చింతపల్లి వైపున్న గిరిజన సోదరుల సంగతి వేరు. వాళ్ళకి చల్లదనం ఉంది, అడివి పక్కనే ఉంది, తుమ్మెద ఉంది. రోడ్డు పక్కన కాయ కొనే టూరిస్టు కూడా ఉన్నాడు. వాళ్ళు కాఫీ తోట అంచుల్లో ఊదా రకం వేసుకుంటే నేను చప్పట్లు కొడతా. అక్కడ తీసిన వీడియో చూపించి మన మెట్టలో మొక్కలు అమ్మడమే నాకు నచ్చనిది.

బంగారం పెడతానన్న తమ్ముడికి ఫోన్‌లో కూడా ఇదే చెప్పాను. అతనికి కౌలు రెండేళ్ళే ఉంది. ఈ తీగ సరిగ్గా కాపు మీదకొచ్చేసరికి కౌలు అయిపోతుంది, స్తంభాలు భూమి యజమానికి మిగులుతాయి. మీలో కౌలుకి చేసేవాళ్ళు ముందు ఆ లెక్క చూసుకోండి.

మైదానంలో పసుపు రకం మూడేళ్ళు దాటి కాస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి. ఏ మండలం, ఎన్ని తీగలు, ఏ నెలల్లో కాపు, ఎవరు కొంటున్నారు, కిలో ఎంత. ఫోటో ఒక్కటీ వద్దు, ఈ ఐదు ముక్కలు చాలు. గింజలు కావాల్సినవాళ్ళు మా కంచె కాయలు రాలే రోజుల్లో వచ్చి తీసుకెళ్ళండి. డబ్బులేం వద్దు. నాలుగు తీగల కాయలూ కలిపి ఇస్తాను, ఒకే తీగవి ఇవ్వను.